బస్సు రంగు రైఫిల్

ఆ చలికాలంలో ఎల్డన్ రూడ్ ఎడమ చేత్తో తినడం మొదలుపెట్టాడు.

నేను మొదట గమనించింది చర్చిలో సూపు భోజనాల రోజున. చెంచా నిండా తీసుకున్న సూపు నోటి దాకా వచ్చేసరికి సగం చొక్కా మీద ఉంది. స్కూలు బస్సుల ఇంజన్లు విప్పి బిగించే మనిషి అతను. అంత నిదానమైన చేతులు మా ఊరు బెల్ రిడ్జ్‌లో ఇంకెవరికీ లేవు. అలాంటివాడు చంటిపిల్లాడిలా గడ్డం తుడుచుకుంటున్నాడు. కుడి చెయ్యి మాత్రం బల్ల కింద ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, తప్పు చేసిన పిల్లని మూల కూర్చోబెట్టినట్టు.

ఆ తరవాత వంటింటి కిటికీలోంచి చూడడం అలవాటైంది. మా పెరటికీ అతని పెరటికీ మధ్య తీగ కంచె తప్ప అడ్డేమీ లేదు. ఎల్డన్ మంచు ఎత్తే పారని ఎడమ పక్కకి మార్చి పట్టుకుని తోసేవాడు. ఉత్తరాల పెట్టె ఎడమ చేత్తో తెరిచేవాడు. కుక్కకి ఎముక ఎడమ చేత్తో విసిరితే అది పొదలో పడేది. కుక్క ఓసారి ఎముక వైపూ ఓసారి యజమాని వైపూ చూసేది. నాకూ ఆ కుక్కకీ ఒకటే సందేహం.

పని లేనిదాన్నని కాదు. కానీ ఒక్క మనిషికి వంట ఎంతసేపు? మా ఆయన లోవెల్ క్రిస్మస్ ముందే పోయాడు. గుండె. అప్పటినుంచి కిటికీ దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడేదాన్ని.

మార్చి నెలలో ఎల్డన్ తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువొకటి చంకన పెట్టుకుని కంచె దాటి వచ్చాడు.

"ఆర్డిస్, నీ వంటింటి బల్ల ఓసారి కావాలి. నా బల్ల మీద బస్సు నీళ్లపంపు పరిచి ఉంది."

"బల్ల మీద నూనె పడితే?"

"తుడుస్తాను."

"లోవెల్ కూడా అలాగే అనేవాడు."

తువ్వాలు విప్పాడు. పాత రైఫిల్. గొట్టం తుప్పు పట్టి ఉంది, కర్ర చీలి ఉంది. మైల్స్ సిటీలో తాకట్టు కొట్టువాడి దగ్గర మూలన పడి ఉంటే తెచ్చాడట. నేను తుపాకీ పట్టిన మనిషిని కాను. కానీ ముప్పై ఏళ్లు వేటగాడితో కాపురం చేశాను. తూటా పెట్టాక మూసే ఆ గడియ ఏ పక్కన ఉండాలో నాకూ తెలుసు. ఇది ఎడమ పక్కన ఉంది.

"ఇది ఎడమచేతివాళ్లది కదా, ఎల్డన్."

"అందుకే చవగ్గా వచ్చింది. ఎవడికీ అక్కర్లేదు."

ఎల్డన్ ఎంగిలి చేత్తో కాకిని తోలడని ఊరంతా చెప్పుకుంటుంది. వంగిన మేకుల్ని సుత్తితో సాగదీసి సీసాలో దాచుకుంటాడు. కాబట్టి చవక అంటే ఇంకెవరైనా నమ్మేవారు. నేను సూపు చూసినదాన్ని.

"చవకని సూపు కూడా ఎడమ చేత్తోనే తాగుతున్నావా?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాఫీ పోశాను. కప్పు ఎడమ చేత్తోనే అందుకున్నాడు. ఈసారి ఒలకలేదు.

"కుడి కంట్లో మచ్చ పడింది, సరిగ్గా నడిమధ్యన. నిన్ను చూశాననుకో, నీ చెవులు కనిపిస్తాయి, నీ భుజాలు కనిపిస్తాయి. మొహం ఉండదు."

"డాక్టరేమన్నాడు?"

"వచ్చే చలికాలానికి ఆ కన్ను లేదనుకోమన్నాడు. ఎడమది గట్టిదేనట. అందుకని తుపాకీ పట్టే చేతిని కూడా ఆ పక్కకి మారుస్తున్నా. ఎవరికీ చెప్పకు."

"నేనెవరితో మాట్లాడతాను కనక?"

"అందుకేగా నీకు చెప్పింది."

అప్పుడే తన లెక్క కూడా చెప్పాడు. జూన్ మొదటి ఆదివారం మా ఊరి తుపాకీ క్లబ్బులో చలిగుండు. అది మాకు ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఆ పొద్దున్న ఎవరి గొట్టమూ వేడెక్కకముందే, సరిచూసుకునే గుండు లేకుండా, ఒక్కొక్కరు ఒక్కటే గుండు కాల్చాలి. అర మైలుకి అవతల గుట్ట మీద వేలాడే ఇనప పలకని కొట్టాలి. పలక కారు చక్రమంత ఉంటుంది, ఇక్కణ్ణుంచి చూస్తే బఠాణీ గింజ. తగిలితే మోగుతుంది. తప్పినవాళ్లు ఆ రోజు అందరి గిన్నెలూ కడగాలి.

"ఈ తుపాకీని నా చేత్తో బాగుచేసి ఆ రోజు ఎడమ కంటితో కొడతాను. మోగిందా, సరే. మోగలేదా, అమ్మేసి చేపలు పట్టుకుంటా."

"నీకు చేపలంటే అసహ్యం కదా."

"శిక్షంటే అదేగా."

నవ్వాడు గానీ ఆ నవ్వు గడ్డం దాటి పైకి ఎక్కలేదు. ఎల్డన్‌కి పెళ్లాంపిల్లలు లేరు. ఆరు రోజులు బస్సుల కింద పడుకుని, ఏడో రోజు గుట్ట కింద బొజ్జ మీద పడుకుని, అంత దూరాన ఉన్నదాన్ని ముట్టుకోవడానికి చూసేవాడు. వాళ్ల నాన్న నేర్పిన పని అది. అది కూడా పోతే ఆదివారం ఏం చేస్తాడో నాకు తోచలేదు. ఆదివారాలు ఎంత పొడుగో నాకు తెలుసు.

అలా ఆ వసంతమంతా తుపాకీ ఎలా తయారవుతుందో మా వంటింట్లోనే చూశాను. అన్నం ఉడికేదాకా నిలబడి చూసేదాన్ని, ఉడికాక కూడా నిలబడి చూసేదాన్ని.

ఎల్డన్ డబ్బు ఒక్క చోటే పెట్టాడు, గొట్టం దగ్గర. "మిగతావన్నీ అడుక్కోవచ్చు, గొట్టం మాత్రం కొనాలి," అన్నాడు. కొత్త గొట్టం పెట్టెలోంచి తీసి కిటికీ వెలుగుకి ఎత్తి, నన్నూ లోపలికి చూడమన్నాడు. లోపల సన్నటి గాడులు మెలికలు తిరుగుతూ దూరానికి పోతున్నాయి. సింకులో నీళ్లు కిందికి దిగేటప్పుడు సుడి తిరుగుతాయే, ఆ సుడిని ఇనుములో గడ్డకట్టించినట్టు.

"ఎందుకిలా?"

"తూటా తిరుగుతూ పోవడానికి. బంతి విసిరేటప్పుడు వేళ్లతో తిప్పితే తిన్నగా పోదూ, అలాగ."

కర్ర మాత్రం కొనలేదు. స్కూల్లో పాత అల్మరాలు విరగ్గొట్టినప్పుడు మిగిలిన బర్చ్ పలకల్ని ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి దిమ్మ చేశాడు. దాన్ని రంపంతో, ఆకురాయితో చెక్కాడు. దవడ ఆనించేచోట ఎత్తు చాలకపోతే నా ఇస్త్రీ బల్ల మీది మెత్త కత్తిరించి చుట్టాడు. అడిగే కత్తిరించాడు. కాకపోతే అడిగినప్పుడు కత్తెర అప్పటికే చేతిలో ఉంది. స్కోపు ఎవరో పాత సామాన్ల అమ్మకంలో పెడితే తెచ్చాడు. అద్దం అంచున గీత ఉంది. "అంచుని ఎవడు చూస్తాడు? నడుమ బాగుంది. నా కంటికి ఉల్టా," అన్నాడు.

పూసిన రంగు వేడికి గట్టిపడాలని నా ఓవెన్ అడిగాడు. ఇవ్వనన్నాను. రొట్టె కాలే చోట ఆ కంపు నేను పడనన్నాను. అందుకని గాలికి ఆరే రంగు వేశాడు. ఏ రంగు? బస్సులకి పూసి మిగిలింది. తుపాకీ కర్ర కొన నుంచి కొన దాకా స్కూలు బస్సు పసుపుపచ్చ.

క్లబ్బు నడిపే డార్లా ఓస్బీ దాణా బస్తాలు దింపడానికి వచ్చి అది చూసింది. డార్లా గొంతు వీధి చివరికి వినపడుతుంది.

"ఓరి దేవుడా, ఎల్డన్! ఇది రైల్వే గేటు దగ్గర ఆగుతుందా?"

"ఆగుతుంది. తలుపు కూడా తెరుచుకుంటుంది, నువ్వు దిగడానికి."

"అదేంటి, గడియ ఎడమ పక్కనుంది? కుడిచేతివాడివి కదా నువ్వు!"

"చవగ్గా వచ్చింది."

"పిసినారితనానికీ హద్దుండాలయ్యా! ఒంటికాలి జోడు చవగ్గా వస్తే రెండో కాలు కోసుకుంటావా?" అని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "అమ్మేటప్పుడు చెప్పు. మా మేనల్లుడు పుట్టు ఎడమచేతివాడు. రంగు గీకి పారేసి వాడుకుంటాడు."

ఎల్డన్ నా వైపు చూడలేదు. నేనూ అతని వైపు చూడలేదు.

ఇక మిగిలింది ఒకే పని. ఇనుము కర్రలో వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అందుకని కర్ర గుంతలో ఎపాక్సీ జిగురు పోసి, ఇనుముని అందులో కూర్చోబెడతారు. జిగురు గట్టిపడితే ఆ ఇనుముకి సరిగ్గా సరిపోయే అచ్చు అవుతుంది. కాకపోతే ఇనుముకి ముందు మైనం లాంటిది పట్టించాలి. లేకపోతే అచ్చు అవదు, అతుక్కుపోతుంది.

"మైనం కొనడమెందుకు, బూట్ల పాలిష్ చాలు. ఉందా?" అన్నాడు.

లోవెల్ బూట్ల డబ్బా తీసిచ్చాను. అడుగున నల్లగా కొంచెం ఉంది.

మర్నాడు సాయంత్రం ఎల్డన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పసుపుపచ్చ రైఫిల్ ఉంది. మొహం సుద్దలా ఉంది.

"రావట్లేదు."

"ఏది?"

"ఇనుము. మరలన్నీ విప్పేశాను. లాగాను, కొట్టాను. అతుక్కుపోయింది. ఇంకా గట్టిగా కొడితే కర్ర చీలుతుంది. చలిగుండు ఇంక వారమే ఉంది, ఆర్డిస్."

"పాలిష్ పట్టించలేదా?"

"పట్టించాను. పల్చగా."

"పల్చగానా? ఎందుకు?"

అతను జేబులోంచి ఆ డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. అడుగున ఇంకా కొంచెం ఉంది. "అంతా అయిపోగొట్టడానికి చెయ్యి రాలేదు," అన్నాడు.

నేను డబ్బా మూత పెట్టి అల్మరాలో పెట్టాను. లోవెల్ వస్తువేదీ అయిపోగొట్టడానికి నాకూ చెయ్యి రాదని ఎవరితోనూ చెప్పలేదు, అతనికి ఎలా తెలిసిందో అనుకున్నాను. తెలిసి కాదు, లోవెల్ లేని లోటు అతనికీ ఉంది.

"దీనికి ఒకటే మందు," అన్నాడు నేల చూస్తూ. "చల్లబెట్టాలి. గడ్డకట్టించేంత చలిలో ఇనుము ముడుచుకుంటుంది, జిగురు వదులుతుంది. అందరూ చేసే పనే, ఎవరూ బయటికి చెప్పుకోరు. నా ఫ్రిజ్ పైఅరలో రొట్టె ముక్కే పట్టదు. నీ పెద్ద పెట్టె..."

గ్యారేజీలో మాకు శవపేటికంత ఫ్రీజర్ ఉంది. దాన్నిండా లోవెల్ చివరిసారి కొట్టిన ఎల్క్ మాంసం, పెద్ద జాతి దుప్పి. ఎన్నో ఏళ్లు ఎదురుచూస్తే వేట అనుమతి వచ్చిన ఎల్క్ అది. తనే కోసి, తెల్లకాగితంలో చుట్టి, ప్రతి పొట్లం మీదా తన చేత్తోనే రాసుకున్నాడు. తొడ. భుజం. కూరకి. నెమరుకి అని ఒకటి ఉంది, ఏమిటో నాకు తెలియదు, అడగడానికి వీల్లేకపోయింది. డిసెంబరు నుంచి మూత ఎత్తలేదు. బఠాణీలు కావలిస్తే కొట్టుకి పోయి కొనుక్కునేదాన్ని.

ఎల్డన్ ఆ సంగతి తెలిసే నేల చూస్తున్నాడు.

"వద్దులే," అన్నాడు. "డార్లాని అడుగుతా."

"డార్లాని అడిగితే ఊరందరికీ తెలుస్తుంది. పద."

మూత ఎత్తాను. తెల్లటి ఆవిరి మొహానికి కొట్టింది. పొట్లాలు ఒక్కొక్కటే తీసి అతని చేతుల్లో పెట్టాను. అతను పక్క బల్ల మీద పేర్చాడు, రాసిన వైపు పైకి ఉండేటట్టు. రైఫిల్ పట్టేంత జాగా రావాలంటే సగానికి పైగా తియ్యాల్సి వచ్చింది. పసుపుపచ్చ తుపాకీ తెల్ల పొట్లాల మధ్య పడుకుంది. మూత వేశాను.

"ఇవి కరిగిపోతాయి," అన్నాడు ఎల్డన్ బల్ల వైపు చూస్తూ.

"కరిగినవి మళ్లీ గడ్డకట్టించకూడదు. వండాలి."

"ఇన్నా?"

"చలిగుండుకి ఎంతమంది వస్తారు?"

పొద్దున తీశాం. తుపాకీ ఒళ్లంతా మంచు పట్టి బూడిదరంగు దుప్పటి కప్పుకున్నట్టుంది. ఎల్డన్ దాన్ని తలకిందులు చేసి, రబ్బరు సుత్తితో ఒక చోట తట్టాడు. ఏమీ లేదు. ఇంకో చోట తట్టాడు. చెరువు మీద మంచుగడ్డ పగిలినట్టు టప్పుమంది. ఇనుము పైకి లేచింది. కింద జిగురు నున్నగా, అద్దంలా, ఇనుము ఒంపులన్నీ పట్టుకుని ఉంది. వేలితో తడిమి చూశాను. అంత తీరుగా ఒకటి ఇంకోదాన్ని పట్టి ఉండడం నేనెక్కడా చూడలేదు.

"చూశావా," అన్నాడు ఎల్డన్. అతని గొంతు కూడా అప్పుడే కరిగింది.

ఆ వారం ప్రతి సాయంత్రం అతను దగ్గరి పలక మీద కాల్చుకుని వచ్చేవాడు. నేను ఎల్క్ మాంసం చిన్నముక్కలు కోసి, బీన్సు వేసి చిల్లీ కూర వండాను, పక్కకి దాల్చినచెక్క రొట్టెచుట్టలు చేశాను. పొట్లాల మీది కాగితాలు మాత్రం పారెయ్యలేదు. కడిగి ఆరబెట్టాను.

ఆదివారం పొద్దున గుట్ట కింద పడమటి గాలి బాగానే ఉంది. గాలి తెలియడానికి కట్టిన గుడ్డలు అన్నీ ఒకే వైపుకి ఎగురుతున్నాయి. కాల్చేవాడి వెనక ఇంకొకరు పెద్ద దుర్భిణితో కూర్చుని తూటా ఎటు పోయిందో చెప్పాలి. కాల్చినవాడికి అది కనిపించదు, తుపాకీ తన్నుకి కన్ను చెదిరిపోతుంది. ఎల్డన్ వెనక ఎప్పుడూ కూర్చునేది లోవెల్. ఆ రోజు ఆ ముక్కాలిపీట ఖాళీగా ఉంది.

"ఆర్డిస్, నువ్వు కూర్చో," అంది డార్లా. "చిల్లీ దానంతటదే ఉడుకుతుంది."

"నాకేం తెలుసు?"

"తెలియక్కర్లేదు. చూడు, అంతే."

ఎల్డన్ పడుకున్నాడు. ఎడమ భుజానికి ఆనించి, ఎడమ కన్ను పెట్టాడు. వెనక గుసగుసలు ఆగిపోయాయి. "ఇదేంటి, నిజంగానే ఎడమ చేత్తో కాలుస్తున్నాడు?" అన్నారెవరో. నేను దుర్భిణిలో పలక వైపు చూస్తూ కూర్చున్నాను.

పేలింది. అప్పుడు నేను చూసింది ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. గాలిలో ఒక ముడత. వేడి పెనం మీద గాలి వణుకుతుందే, అంత సన్నటి వణుకు ఒకటి వంపుగా పైకి లేచి, పలక వైపు దిగుతూ పోయింది. దారంతా ఏ పక్కకీ ఒరగకుండా తిన్నగా ఉంది. చివర్న, పలకకి ముందు వాగు కోత దగ్గర, ఎవరో ఊదినట్టు కుడికి ఒరిగింది. పలక పక్కన దుమ్ము లేచింది. మేమందరం ఎదురుచూశాం. మోత రాలేదు.

"కుడికి పోయింది," అంది డార్లా. ఆ గొంతు మొదటిసారి మెల్లగా ఉంది. "చెయ్యి లాగేసింది, ఎల్డన్. అలవాటు లేని చెయ్యి."

ఎల్డన్ గడియ తెరిచి ఖాళీ గుల్ల జేబులో వేసుకున్నాడు. లేచాడు. మోకాళ్ల మీద దుమ్ము దులుపుకున్నాడు.

చిల్లీ గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు. లోవెల్ ఎల్క్ అని నేను చెప్పలేదు గానీ ఎలాగో అందరికీ తెలిసింది. ఒక్కొక్కరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు. గిన్నెలు కడగడానికి ఎల్డన్ చొక్కా చేతులు మడిచాడు. నేను పక్కన నిలబడి తుడుస్తున్నాను. డార్లా వచ్చింది.

"మా వాణ్ణి రేపు పంపించనా? తుపాకీ చూసుకుంటాడు."

ఎల్డన్ సబ్బునీళ్లలో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "పంపించు," అనబోయాడు. అతని పెదవులు కదలడం చూశాను.

"చెయ్యి లాగలేదు," అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను పదిమందిలో మాట్లాడే మనిషిని కాను.

"ఏంటి?" అన్నాడు ఎల్డన్.

"అది... గాలిలో ముడత కనిపించింది. చెయ్యి లాగితే ఇక్కణ్ణుంచే కుడికి పోవాలి కదా? పోలేదు. దారంతా తిన్నగా పోయింది. వాగు కోత దగ్గర ఒరిగింది. అక్కడ ఏదో ఊదింది."

"నువ్వు చూశావా? ముడత?"

"చూడమన్నారుగా."

"మళ్లీ చెప్పు. మొదటినుంచి."

చెప్పాను. చేత్తో గాలిలో గీసి చూపించాను. ఎల్డన్ ఆ చేతినే చూశాడు, ఎడమ కన్ను చికిలించి. తరవాత డార్లా వైపు తిరిగాడు.

"మీ వాడిని రావద్దను."

"మోగకపోతే అమ్మేస్తానన్నావని నాకు ఎవరో..." అని నా వైపు చూసింది డార్లా.

"నేను చెప్పలేదు," అన్నాను.

"నా కుక్కకి చెప్పాను, అది వాగి ఉంటుంది," అన్నాడు ఎల్డన్. "అప్పుడు అనుకున్నది నా కన్ను గురించి. కన్ను సరిగ్గానే చూసింది. చెయ్యి సరిగ్గానే చేసింది. గాలి దగ్గర తప్పాను, గాలి దగ్గర అందరూ తప్పుతారు." అలా కంటి సంగతి కూడా ఆ సబ్బునీళ్ల దగ్గరే బయటపడింది. డార్లా ఒక తువ్వాలు తీసుకుని మా పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టింది. నోరు మాత్రం ఊరుకోలేదు. "అయినా గిన్నెలు నువ్వే కడగాలి. కన్నున్నా లేకపోయినా."

ఎల్డన్ మిగతా జీవితం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బస్సులు ఇప్పటికీ బాగుచేస్తాడు. చలికాలం వచ్చేసరికి కుడి కన్ను డాక్టరు చెప్పినట్టే అయింది. సూపు ఇప్పుడు చొక్కా మీద పడదు. వేసవి సాయంత్రాలు మేమిద్దరం ముక్కాలిపీట, దుర్భిణి మోసుకుని గుట్ట కిందికి పోతాం. అతను కాలుస్తాడు, నేను ముడత ఎటు పోయిందో చెప్తాను. ఇద్దరికీ వేరే మాటలు పెద్దగా అక్కర్లేదు.

ఆ ఏడాది ఆగస్టులోనే ఒక రోజు వాగు కోత దగ్గర గడ్డి ఏ వైపుకి వంగిందో చూసి, "ఇంకొంచెం ఎడమకి," అన్నాను. ఎల్డన్ స్కోపు చక్రం తిప్పలేదు, ఊరికే అంత పక్కకి జరిపి పట్టుకున్నాడు. పేలింది. ముడత లేచింది, వంపు తిరిగింది, దిగింది, ఒరిగింది. పలక ఊగింది. చప్పుడు మాత్రం లేదు.

తగల్లేదేమో అనుకున్నాను. ఊగింది కదా, మరి చప్పుడేది అనుకున్నాను. అప్పుడొచ్చింది, అంత దూరం నడిచి వచ్చినట్టు, చిన్నగా. టంగ్.

డార్లా మాత్రం ఒప్పుకోదు. చలిగుండు రోజున కొట్టిందే కొట్టినట్టు అంటుంది. "సాక్షి ఎవరయ్యా?"

"ఆర్డిస్."

"ఆర్డిస్ నోరు విప్పదుగా!"

"వింటుందిగా," అంటాడు ఎల్డన్.

నిజమే. విన్నాను.